సెలవు నిచ్చినవా రెవరు?

తెలుగున సెలవు అను మాటకు ప్రయోగములు పెక్కు గలవు. పెద్దలు మాటలాడినచో సెలవిచ్చిరందుము. ఇంటికి వచ్చిన చుట్టము తిరిగి పోవునపుడు సెలవు పుచ్చుకొనును. బడికిగాని కచ్చేరికిగాని పోనక్కరలేని దినము సెలవుదినము. ఈ ప్రయోగము లన్నింటి యడుగున నున్న అర్థ మొక్కటియే, అది అనుజ్ఞ. అనుజ్ఞ యనగా ఒకరు ఇచ్చునది, మరియొకరు పుచ్చుకొనునది. తనంతట తాను పుట్టు సెలవు లోకమున లేదు. ఇంత తేటగా నున్న సంగతిని, 20 సంవత్సరములు పిల్లలకు భాష చెప్పుచుండియు, ఈ యేటివరకు మేము గ్రహింపలేదు. గ్రహించిన విధమును పాఠకులకు విన్నవించుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని. ఇందు మా గొప్ప యేమియు లేదు. మా తప్పు మాత్రము కొంత గలదు.

మా పాఠశాల గోదావరి కాలువగట్టున నున్న ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాల. అందు మేము తెలుగు చెప్పుదుము. చిన్ననాట సంస్కృత పాఠశాలలో వ్యాకరణము చదివి, పిదప ఆంగ్లమున పట్టము పుచ్చుకొంటిమి. రెండు ఒడ్డుల నీరు త్రాగితిమను గర్వము లోలోపల లేకపోలేదు. గడచిన ఫిబ్రవరిలో ఒక ఉదయమున మంచు దట్టముగా కురియుచుండగా కాలువగట్టుపై మా స్కూటరు జారెను. ఎడమకాలి యెముక రెండు చోట్ల విరిగెను. వైద్యుడు లోపల ఉక్కుకడ్డీ వేసి, మూడు నెలలు ఆ కాలు నేల మోపరాదని కట్టడి చేసెను. ఆ గడువు ముగియకముందే వేసవి సెలవులు వచ్చినవి. మొత్తముమీద నాలుగు మాసములు మేము బడి గడప తొక్కలేదు. ఆ నాలుగు మాసములును జీతము నెలనెల మా ఖాతాలో పడుచునే యుండెను.

కాలినొప్పికంటె మమ్ము ఎక్కువగా కలచిన యాలోచన యొకటి గలదు. పదవ తరగతి పరీక్షలకు అప్పటికి నెల దినములే గడువు. ఛందస్సు సగములో నిలిచెను. వ్యాసరచన ఇంకను ముట్టనే లేదు. ఈ పిల్లల గతి యేమగును? మంచముపై వెల్లకిల పండుకొని, తిరుగుచున్న పంకాను చూచుచు, వారి దుర్దశను తలచుకొని నిట్టూర్చుచుంటిమి. ఆ నిట్టూర్పులో జాలి యెంత, గర్వమెంత యని అప్పుడు తూచి చూడలేదు. మేము లేనిచో ఆ తరగతి మునిగిపోవునని భయపడితిమి. మునిగిపోకున్నచో ఏమి యను ప్రశ్న మాకు తోచనైన తోచలేదు.

ఏప్రిలు నెలాఖరున ఫలితములు వెలువడెను. మా కుమారుడు సెల్‌ఫోనులో చూచి ఒక్కొక్క పేరే చదివి వినిపించెను. తెలుగున ఒక్కరును తప్పలేదు. అంతియ కాదు, నిరుటికంటె మంచి మార్కులు వచ్చినవారే ఎక్కువ. ఇంటిలో నందరును సంతోషించిరి. మేమును సంతోషించితిమి, కాని ఆ సంతోషములో చేపముల్లు వంటిది యొకటి గొంతున అడ్డుపడెను. "ఈసారి పేపరు తేలికగా ఇచ్చినట్టున్నారు" అని మా యింటియామెతో నంటిమి. ఆమె మందు సీసా మూత తీయుచు, "పిల్లలు బాగా చదివారేమోనండి" అనెను. దానికి మే మేమియు బదులు చెప్పలేదు.

జూన్ రెండవ వారమున బడులు తెరచిరి. చేతికర్ర సాయముతో మెల్లగా పోయితిమి. ప్రధానోపాధ్యాయులును తోటివారును ఎదురు వచ్చి, చేయి పట్టి లోనికి తోడుకొనిపోయిరి. అందరును కూర్చున్న పిదప, రెండు మాటలు చెప్పుడనిరి. చెప్పుమందురని మే మెరుగుదుము. ముందు రాత్రియే సిద్ధపరచుకొని యుంటిమి. దైవమునకు, వైద్యునకు, ప్రధానోపాధ్యాయులకు, సహోపాధ్యాయ బృందమునకు వరుసగా ధన్యవాదము లర్పించితిమి. సమాసములు చక్కగా కుదిరెను. చప్పట్లు మ్రోగెను. మేము మాటలాడినంతసేపు మధ్యాహ్న భోజనము వండు అమ్మ టీ గ్లాసుల పళ్లెము పట్టుకొని గుమ్మము బయటనే నిలుచుండెను. ఉపన్యాసము ముగియువరకు లోనికి రాలేదు. టీ చల్లారెను. పళ్లెము బల్లపై పెట్టి, "కాలు సర్దుకుందా అండీ మాస్టారూ? మెట్లకాడ జాగ్రత్తండీ, తడిగా ఉన్నాయి" అనెను. "ఆ, పరవాలేదమ్మా" అని మేము గ్లాసు అందుకొంటిమి.

రెండు వారములు గడచెను. వాన కురియుచున్న ఒక మధ్యాహ్నము, పిల్లలకు వడ్డన చూచుట మా వంతు. ఆమె గరిటెతో పప్పు వడ్డించుచుండగా కొంగు ప్రక్కకు తొలగెను. కుడిచేయి మోచేతినుండి మణికట్టు వరకు చర్మము ముడుతపడి, లేత ఎరుపురంగున మెరయుచుండెను.

"ఇదేమిటమ్మా?"

"మార్చిలో గంజి వారుస్తుంటే ఒలికిందండి. తగ్గిపోయింది లెండి."

"అయ్యో, ఎన్నాళ్లు సెలవు పెట్టావు?"

ఆమె నవ్వెను. "మాకు సెలవేంటండీ? ఆ ఒక్కరోజు మా తోటికోడల్ని పంపించి, దానికి కూలి నేనే ఇచ్చుకున్నానండి. మర్నాటినించీ ఎడంచేత్తో తిప్పానండి గరిటె. పిల్లలకి పరీక్షలు కదండీ, మానితే ఎలా?"

ఆ మాట చెప్పి ఆమె తరువాతి వరుసకు పోయెను. మార్చి నెలలో మేము దిండ్లకు చేరగిలి పత్రికలు చదువుకొనుచుంటిమి. ఒకే బడికి చెందిన ఇరువురు గాయపడిరి. ఒకరికి జీతముతో సెలవు దొరకెను. ఒకరు కూలి యెదురిచ్చి ఒక్క దినము విశ్రాంతి కొనుక్కొనిరి. బడి తెరచిననాడు ఆమె మా కాలిని గూర్చి అడిగెను. ఆమె చేతిని గూర్చి మేము అడుగలేదు. అడుగుటకు అట్టి గాయ మొకటి యున్నదని ఎరుగనైన ఎరుగము.

కృతజ్ఞ శబ్దమునకు మే మెన్ని మారులు వ్యుత్పత్తి చెప్పియుందుమో లెక్క లేదు. కృతమును ఎరిగినవాడు కృతజ్ఞుడు. ఆ మాటలో పొగడుట లేదు, నమస్కరించుట లేదు. ఉన్నది ఎరుక మాత్రమే. ఎవరు, ఏమి, ఎంత కష్టపడి చేసిరో తెలియుట మొదటి పని. నోటిమాట దాని వెనుక రావలసినది. ఆంగ్లమున సైతము థాంక్ అను మాటయు థింక్ అను మాటయు ఒక్క మూలమునుండి పుట్టిన తోబుట్టువులే. ఈ రెండు సంగతులను మేము తరగతిలో బల్ల చరచి చెప్పియున్నారము. వానిని మా బ్రతుకున పరీక్షించు అవకాశము ఇన్నేండ్లకు వచ్చెను. ఆ పరీక్షలో తప్పితిమి. ఎరుగకయే ధన్యవాదములు చెప్పి చప్పట్లు పుచ్చుకొంటిమి.

రామాయణ ప్రారంభమున వాల్మీకి నారదుని ఉత్తమపురుషుని గూర్చి ప్రశ్నించుచు లెక్కపెట్టిన గుణములలో కృతజ్ఞత యొకటి. ఆ కావ్యముననే కిష్కింధాకాండమున ఈ గుణమునకు మరపు కమ్మిన కథయు గలదు. వాలివధ పిమ్మట వానకాలము నాలుగు మాసములు సుగ్రీవునకు విశ్రాంతి దొరకెను. రాజ్యమును, భార్యయు, ప్రాణభయము లేని నిద్రయు రాముని వలన వచ్చినవే. వానలు వెలిసి శరత్తు వచ్చినను ఆయన అంతఃపురము విడువలేదు. హనుమంతుడు జ్ఞాపకము చేయగా సేనలను రప్పింపుడని ఆజ్ఞ యిచ్చెను. ఇచ్చి, తన పని తీరినదనుకొని మరల భోగములలో మునిగెను. లక్ష్మణుడు కోపముతో వచ్చి కృతఘ్నతాదోషమును ఎత్తిచూపువరకు కదలలేదు. సుగ్రీవుడు చెడ్డవాడు కాడు. రామునియందు ప్రేమ లేనివాడును కాడు. ఒక ఆజ్ఞతో ఋణము తీరెననుకొనుటయే ఆయన పొరపాటు. మేము ఒక ఉపన్యాసముతో తీరెననుకొంటిమి. మా సెలవును సరిగా నాలుగు మాసములే యగుట తలచుకొనగా కొంత నవ్వును, అంతకంటె ఎక్కువ సిగ్గును కలిగెను.

మరునాడు ఒక నోటుపుస్తకము కొని, మొదటి పుటలో 'కృతము' అని శీర్షిక పెట్టితిమి. మేము లేని దినములలో మా పను లెవ రెవరు చేసిరో విచారించి వ్రాసికొనదలచితిమి. విచారించుకొలది పుటలు నిండసాగెను. గ్రంథాలయపు బీరువా తాళములు అటెండరు దగ్గర పెట్టుకొని ప్రతి శనివారమును పిల్లలకు పుస్తకము లిచ్చెనట. మార్కుల రిజిస్టరును లెక్కల మాస్టారు పూర్తిచేసిరట. వేసవిలో పెద్దగాలికి మా గది కిటికీ రెక్క ఊడగా, ఊరిలోని పూర్వవిద్యార్థి యొకడు వచ్చి మేకులు కొట్టి పోయెనట. వీనిలో నొక్కటియు మాకు తెలియదు. తాళములు యథాస్థానమున నున్నవి, రిజిస్టరు నిండియున్నది, కిటికీ మూసియున్నది. కావున ఏమియు జరుగలేదని తలచితిమి. చక్కగా జరిగిన పనికి ఇదియే దురదృష్టము. చెడిన పని కంటబడును. చక్కబడిన పని గోడలో కలిసిపోవును.

పదవ తరగతికి తెలుగు చెప్పినది మా హిందీ పండితురాలు. చిన్న వయస్సుది, ఇంటిలో చంటిబిడ్డ గలది. ఆమెను మేము ఎన్నడును సాటివారిలో లెక్కించియుండలేదన్న సత్యమును ఇచట ఒప్పుకొనవలెను. ఆమె తన విరామపు పీరియడ్లను విడిచి, ఆదివారములు ఉదయము సైతము వచ్చి, పరీక్షలవరకు ఆ తరగతిని నడిపెను. మా ఉపన్యాసములో ఆమె సహోపాధ్యాయ బృందమను సమాసములో ఇమిడిపోయెను. మేము ఆమె బల్ల దగ్గరకు పోయి, "అమ్మా, మా పిల్లలకు మీరు పాఠం ఎలా చెప్పారో నాకు చెప్తారా?" అని యడిగితిమి.

ఆమె తడబడెను. "మీ నోట్సే చెప్పానండి మాస్టారూ. కాకపోతే పద్యం చదవగానే ప్రతిపదార్థం ఇవ్వలేదండి. మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి అనేదాన్ని. తప్పులు చెప్పేవాళ్లు, నవ్వుకునేవాళ్లం, తర్వాత మీ నోట్సు తీసి చూసేవాళ్లం. నిజం చెప్పాలంటే కొన్ని పద్యాలు నాకే రావండి. అందుకని అందరం కలిసి వెతుక్కున్నాం."

తనకు రానిదానిని ఆమె పిల్లలతో కలిసి వెదకెను. మాకు వచ్చినదానిని మేము 20 సంవత్సరములుగా పిల్లల తలపై కుండలతో పోయుచుంటిమి. వారు దానిని కంఠస్థము చేసి పరీక్షలో వొలుకబోసి మరచిపోవుచుండిరి. సొంతమాటలలో వ్రాయవలసిన ప్రశ్నలకు ఈ యేడు పిల్లలకు మార్కులు పెరిగిన మర్మ మిప్పుడు తెలిసెను.

ఇక్కడ మా మనస్సును మేము ఒక ప్రశ్న యడిగితిమి. ఆ పిల్లలు తప్పియుండినచో మా గర్వము లోలోపల తృప్తిపడియుండెడిదా? ఈ ప్రశ్నకు జవాబు నోటుపుస్తకములో వ్రాయబోయి రెండు మారులు కలము మూసితిమి. మూడవ మారు వ్రాసితిమి. కొంత తృప్తిపడియుండెడిదే. మన పని మనము లేకయే సాగినదని తెలియుట వలన మనస్సు నొచ్చును. ఆ నొప్పి సహజమే. కాని దానిని దాచి, పైకి ధన్యవాదములు పలుకుట వలన నది మానదు. ఆ పనిని చేసినవారి దగ్గర కూర్చుండి ఎట్లు చేసితిరని అడిగిననాడు మానును. జులైలో తొమ్మిదవ తరగతిలో మేమును ఆ పద్ధతినే పట్టితిమి. పద్యము చదివి, అర్థము చెప్పక ఊరకుంటిమి. అంతవరకు నోరు మెదపని కుర్రవాడొకడు లేచి తప్పర్థ మొకటి చెప్పెను. ఆ తప్పు ఎంత బాగున్నదనగా, సరియైన అర్థమును మేమును మరల నాలోచించుకొనవలసి వచ్చెను. గొంతులోని ముల్లు ఆ దినమున దిగిపోయెను.

నోటుపుస్తకములో తరువాతి పుటలు ఇంటివి. వైద్యునకు పండ్లబుట్ట పంపితిమి. ఆసుపత్రి నర్సులకు మిఠాయి పంచితిమి. నాలుగు మాసములు మమ్ము లేపి కూర్చుండబెట్టి, స్నానము చేయించి, రాత్రి రెండు గంటలకు లేచి మందిచ్చిన ఇల్లాలికి మేము చేసిన దేమి? ఆమె పేరు ఉపన్యాసములో లేదు. ఆమె చేయుట సూర్యు డుదయించుట వంటిదని కాబోలు మా భావము. మేము తిరిగి పనిలో చేరితిమని అందరును పలుకరించిరి. ఆమె ఏ దినమున పని విడిచెను గనుక తిరిగి చేరుటకు?

2019 లో భారతదేశపు జాతీయ గణాంక కార్యాలయము కాల వినియోగమును గూర్చి సర్వే జరిపెను. జీతము లేని ఇంటిపనులలో పాల్గొనిన స్త్రీలు అందుకై దినమునకు సగటున 299 నిమిషములును, పాల్గొనిన పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు అందు తేలెను. 299 నిమిషములన ఇంచుమించు ఐదు గంటలు. మా బడిలో ఏడు పీరియడ్లకు సరిపోవును. మేము ఏడు పీరియడ్లు చెప్పిన దినమున ఇంటికి వచ్చి, గొంతు పోయినదని వేడినీళ్లు అడుగుదుము. ఆ నీళ్లు కాచుట ఎనిమిదవ పీరియడని మాకెన్నడును తోచలేదు. మాకు ఆదివారము గలదు, దసరా గలదు, సంక్రాంతి గలదు. పండుగవచ్చిన వంటింటికి పని హెచ్చునే గాని తగ్గదు.

ఒక రాత్రి ఆమెతో, "నీకు నేను ధన్యవాదాలు చెప్పనే లేదు" అంటిమి.

"ఇన్నేళ్లకి ఇదేం కొత్తండీ? ధన్యవాదాలు పెట్టుకుని నేనేం చేసుకోను?" అని కొంతసేపు ఊరకుండి, "నెలకో ఆదివారం వంటింటికి సెలవిప్పించండి, చాలు" అనెను.

ఆ మాట పరిహాసమున కన్నదో నిజముగా నన్నదో తెలియలేదు. నిజమనియే పుచ్చుకొంటిమి. వచ్చిన ఆదివారమున మేమును కుమారుడును వంటింటిలో దిగితిమి. వాడు బెండకాయలు తరిగెను. మేము పప్పు పొయ్యిపై పెట్టి పత్రిక చూచుచు మాడ్చితిమి. పోపులో ఆవాలు చిట్లి ముఖమున పడెను. ఉప్పు ఏ డబ్బాలో నున్నదో 18 సంవత్సరములుగా ఆ యింటిలో భుజించుచున్న మాకు తెలియదు. ఆమె వీధి అరుగుపై కూర్చుండి వారపత్రిక చదువుకొనుచు, మాడువాసన తగిలి రెండు మారులు లేచి వచ్చెను. రెండు మారులును వెనుకకు పంపితిమి. రెండు గంటలకు భోజనమైనది. అంట్లును మేమే తోమితిమి. నడుము పట్టివేసెను. ఆ నడుమునొప్పి మాకు కాలవినియోగపు లెక్కను బాగుగ బోధించెను. ఆ యేర్పాటు నేటివరకు తప్పక సాగుచున్నది. నెలకొక్క ఆదివారము ఇప్పుడు రెండైనవి.

ఈ సందర్భమున మన చరిత్రలోని యొక సంగతి స్మరింపదగియున్నది. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. సంఘము వారిని వెలివేసెను. వంటవారు మానిరి, నీళ్లు మోయువారు మానిరి. అపుడు వారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి స్వయముగా నీళ్లు మోసి తెచ్చి వంట చేసిరి. పంతులుగారును మావలె బడిలో పాఠములు చెప్పినవారే. సంస్కరణమును గూర్చి మనము వ్రాయునపుడు వ్యాసములను, ఉపన్యాసములను, పత్రికలను లెక్కింతుము. ఆ నీళ్లబిందెలను లెక్కించుట అరుదు. అవి లేనిచో ఆ పెండ్లివారి విస్తరిలో అన్నము లేదు.

మాకు దొరకిన జీతపుసెలవు కూడ ఆకాశమునుండి ఊడిపడినది కాదు. మన దేశమున పనివానికి వారమున కొక దినము విశ్రాంతి కావలెనని ఎవరో అడుగవలసి వచ్చెను. నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున బొంబాయి మిల్లు కార్మికులు పోరాడి 1890 లో ఆదివారపు సెలవు సంపాదించుకొనిరి. పనిచేయని దినమునకును కూలి యిచ్చుట మరి యర్ధశతాబ్దమునకు గాని రాలేదు. 1945 లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి జీతముతో కూడిన సెలవును చేర్చిరి. 1948 నాటి చట్టము, ఏడాదిలో 240 దినములు పనిచేసిన పెద్దవానికి ప్రతి 20 దినముల పనికి ఒక దినము చొప్పున అట్టి సెలవును మరుసటి యేట నిచ్చెను. ఇండ్లలో పాచిపని చేయువారికిని, పొలములలో కూలిచేయువారికిని అది చేతికందలేదు. పనిచేయలేని దినమున కూడ మనుష్యునకు ఆకలి యుండునను సామాన్యధర్మమును లోకముచేత ఒప్పించుటకు ఎందరో పేరు లేనివారు కష్టపడిరి. మేము మంచముపై పండుకొని తీసికొన్న ప్రతి నెలజీతములోను వారి పాలు గలదు.

ఇక కృతజ్ఞతను గూర్చి ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ సద్గుణమును కలవారు లేనివారికి ఉపదేశించుట లోకమున తరచుగ చూచుచున్నాము. 'పని దొరకినదే చాలు, కృతజ్ఞతతో పడియుండుము' అని కూలివానితో నందురు. ఇందు వ్యాకరణమే తప్పు. కృతమును చేసినవాడు కూలివాడు. దానిని ఎరుగవలసినవాడు చేయించుకొన్నవాడు. ఎరుగవలసినవాడు ఎరుగక, చేసినవానినే కృతజ్ఞుడవు కమ్మనుట నోరు మూయించు ఉపాయమే. బడులలో మధ్యాహ్న భోజనము వండువారికి కేంద్రప్రభుత్వము 2009 లో నెలకు 1000 రూపాయల చొప్పున, ఏడాదిలో 10 నెలలకు గౌరవవేతనము నిర్ణయించెను. ఆంధ్రరాష్ట్రమున 2019 లో దానిని 3000 రూపాయలు చేసిరి. దానిని జీతమనరు, గౌరవవేతనమందురు. గౌరవమను మాట చేర్చుటచే సెలవు రాలేదు.

మేము ఉపాధ్యాయుల సమావేశమున ఈ సంగతి యెత్తితిమి. వంట చేయు అమ్మలు రోగముచేతగాని ఇంటి అవసరముచేతగాని రాలేని దినమున, బదులు మనిషి కూలిని మనమందరము పంచుకొని ఇత్తమంటిమి. ఒక మిత్రుడు, "ఇది ప్రభుత్వం చేయాల్సిన పని కదండీ, మనం మొదలుపెడితే వాళ్లు తప్పుకుంటారు" అనెను. ఆ మాటలో నిజము గలదు. అందుచేత రెండు పనులు చేసితిమి. అధికారులకు విన్నపము వ్రాసి అందరము సంతకములు పెట్టితిమి. దానికి జవాబు వచ్చువరకు తలకు నెలకు కొంతసొమ్ము వేసికొంటిమి. విన్నపమునకు జవాబు ఇంకను రాలేదు. డబ్బా మాత్రము నడచుచున్నది.

పని మరల మొదలుపెట్టునపుడు చేయవలసినదేదియో మన పల్లెలు ఎరుగనివి కావు. జ్యేష్ఠమాసమున పూర్ణిమ ఏరువాక పున్నమి. వేసవి వెళ్లి దుక్కి మొదలగు ఆ దినమున రైతు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పసుపుకుంకుమలు పెట్టి, పొంగలి వండి ఎద్దులకు తినిపించి, పిదపనే చాలు తోలును. తనతో బరువు లాగువారిని చూచుకొనక పనిలో దిగరాదనుట యందలి తాత్పర్యము. ఇప్పుడు చాలచోట్ల ట్రాక్టరులకే పసుపు పూయుచున్నారు. ఆచారము మంచిదే, కాని ఎద్దునకు పొంగలి పెట్టిన చేయి పాలేరునకేమి పెట్టెనని కూడ అడుగవలెను. నోరులేని జీవమును పూజించుట సులభము. కూలి యడుగు నోరున్న మనుష్యుని గుర్తించుట కష్టము.

కావున సెలవు గడపి పనికి తిరిగి పోవు పాఠకులకు మా మనవి యిది. కచ్చేరికి గాని, బడికి గాని, దుకాణమునకు గాని పోయిన మొదటి దినమున ఉపన్యాసము వలదు. మేము లేనపుడు ఏమి జరిగెనని అడుగుడు. ఎవరు చేసిరని అడుగుడు. అందువలన వారి కేమి కష్టము కలిగెనని అడుగుడు. ఈ మూడింటికి జవాబులు తెలిసిన పిదప ఏమి చేయవలెనో మీకే తోచును. తోచినదానిలో ఒక్కటి చేయుడు. ఇంటినుండి మొదలుపెట్టినచో దూరము పోనక్కర లేదు.

ఈ నడుమ ఆ వంట అమ్మ మా దగ్గరకు వచ్చి రెండు దినములు సెలవడిగెను. ఆమె కూతురు మా పదవ తరగతిలోనిదే; పాలిటెక్నిక్కులో సీటు వచ్చినదట. పట్టణమునకు తీసికొనిపోయి హాస్టలులో దింపి రావలెను. ఆ రెండు దినములు తోటికోడలు వంట చేసెను. కూలి మా డబ్బానుండి యిచ్చితిమి. మూడవనాటి యుదయమున మేము వరండాలో పిల్లల పుస్తకములు దిద్దుచుండగా ఆమె గేటు దాటి వచ్చెను. మా దిక్కు వచ్చి నమస్కరించునేమో యని, చెప్పవలెనా, ఎదురుచూచితిమి. ఆమె తిన్నగా వంటపాకలోనికి పోయి, అచట బియ్య మేరుచున్న యామెతో, "నిన్నా మొన్నా పిల్లలు సరిగ్గా తిన్నారా? నువ్వొక్కదానివే దింపావా ఆ గంజి? చెయ్యి కాల్చుకోలేదు కదా?" అని యడిగెను. అడిగి, ఆమె చేతులు రెండును పట్టుకొని తిప్పి చూచెను. పిదప సంచిలోనుండి పట్టణమున కొన్న గాజులు తీసి ఆమెకు తొడిగెను.

కృతజ్ఞ శబ్దమునకు వ్యుత్పత్తి ఆమెకు ఎవరును చెప్పియుండరు. జూన్ నెలలో మేము అడుగవలసియుండిన ప్రశ్నలను ఆమె గడప దాటగనే అడిగెను. ఆ సాయంకాలము నోటుపుస్తకము తెరచి, ఆమె పేరు క్రింద వాని నున్నవి యున్నట్లు వ్రాసికొంటిమి. వచ్చు వేసవి సెలవులు గడచి బడి తెరచుదినమున ఆ పుట యొకసారి చదువుకొని గాని ఇల్లు కదలరాదని నిశ్చయించుకొన్నారము.